బరోక్ కాలపు (17, 18 శతాబ్దాల) జర్మన్ కొలువుదారు జీవితచరిత్ర రాసేముందు

హైదరాబాద్ పాత దస్తావేజులు తిరగేసేవాళ్లకి ఫసలీ సంవత్సరానికి 590 కలిపి ఇంగ్లిషు సంవత్సరం తీయడం చేతికి అలవాటే. జర్మన్ ప్రభువుల కాగితాలకీ అలాంటి లెక్క ఒకటుంది. క్యాథలిక్ సంస్థానాలు చాలావరకు 1583, 1584ల్లోనే పాత జూలియన్ క్యాలెండర్ వదిలి కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారాయి. ప్రొటెస్టెంటు ప్రభువులు 1700 దాకా ఆగి, ఫిబ్రవరి 18 మర్నాడే మార్చి 1 అన్నారు. అందుకే అంతకుముందు ఉత్తరాల మీద 12/22 అని ఉంటే పాత లెక్కలో 12, కొత్త లెక్కలో 22 అని. ఒకే తేదీ ఉంటే ఆ సంస్థానం ఏ మతానిదో చూడండి. పాత లెక్కదైతే పది రోజులు కలపండి. అసలు తేదీ మాత్రం కొట్టేయొద్దు, లేకపోతే తర్వాత చూసేవాళ్లు ఇంకో పది కలుపుతారు.

ఎక్కువమంది బోల్తాపడేది హోదాల దగ్గర. హాఫ్‌మార్షల్ కత్తి పట్టేవాడు కాదు. కోట వంటశాల, నౌకర్లు ఆయన అజమాయిషీలో ఉంటారు. యుద్ధానికి వెళ్లేవాడు ఫెల్డ్‌మార్షల్. 'కామర్' అంటే గది, ప్రభువు సొంత రాబడి చూసే శాఖ కూడా. కామర్‌హెర్ ప్రభువు గదిలో కొలువుండే పెద్దమనిషి, నడుం దగ్గర వేలాడే తాళంచెవి ఆయన చిహ్నం. ఆ చెవిని చూసి ఖజానాదారు అని రాసేస్తుంటారు! రాబడి చూసేది కామర్‌ప్రెసిడెంట్. నిజాం సర్ఫెఖాస్ (ఆయన సొంత రాబడి శాఖ) తెలిసినవాళ్లకి ఇది చప్పున అందుతుంది. గెహైమర్ రాట్ గూఢచారి కాదు, అంతరంగ సలహాదారు.

ప్రతి హోదా పక్కనా ఏడాది వేసుకోండి. జర్మన్ సంస్థానం సాక్సనీ కొలువులో కుర్ర పరిచారకుడిగా చేరిన హైన్రిష్ ఫొన్ బ్రూల్ (1700–1763) ప్రధానమంత్రి అయింది 1746లో. 1735 నాటి కాగితం దగ్గర ఆ మాట వాడితే తప్పు. సూచికలో ఆయన్ని 'ఫొన్' కింద కాదు, బ్రూల్ కింద వెతకాలి. కామర్‌ని అప్పట్లో సి తోనూ రాసేవారు, కె తోనూ రాసేవారు. రెండూ టైపు చేసి చూడండి.

చేతిరాత కుర్రెంట్ అనే పాత జర్మన్ గొలుసుకట్టు లిపిలో ఉంటుంది. అందులో e అక్షరం అచ్చం n లా కనబడుతుంది. u కూడా అలాంటిదే కానీ నెత్తిన చిన్న వంపు గీత ఉంటుంది. ముందు నెలల పేర్లు, తెలిసిన ఊళ్ల పేర్లు చదివి, ఆ చేతివాటం పట్టుకున్నాకే మిగతాది చదవండి.

అచ్చయిన అంత్యక్రియల ప్రసంగాల్లో పుట్టుక, చదువు, ఉద్యోగాలు వరసగా దొరుకుతాయి. పొగడ్తలు పక్కనపెట్టి తేదీలు తీసుకుని చర్చి రిజిస్టరుతో సరిచూడండి.

జీతాల దగ్గర పదహారణాల అలవాటు మానుకోవాలి: సాక్సనీలో థాలర్ అనే వెండి నాణేనికి 24 గ్రోషెన్లు, గ్రోషెన్‌కి 12 ఫెన్నిగ్‌లు. నేటి రూపాయల్లోకి మార్చొద్దు. అదే కొలువులో వంటవాడి జీతం పక్కన పెట్టి చూపించండి.