కోత మాటలు – 4వ పాఠం: ప్రోసెక్షన్

పోయినసారి ఇచ్చిన అభ్యాసంలో డిసెక్షన్ (dissection, శరీరాన్ని కోసి పరిశీలించడం) అంటే “రెండుగా కోయడం” అని చాలామంది రాశారు. కొత్త మాటకు వెళ్ళేముందు ఆ లెక్క తేల్చాలి.

“డైసెక్షన్” అని వినీవినీ, డై అంటే రెండు కాబోలు అనుకున్నారు. స్పెల్లింగ్‌లో ఎస్‌లు లెక్కపెట్టండి, రెండున్నాయి. మొదటిది “డిస్”ది, అంటే విడివిడిగా. రెండోది “సెకారే”ది, అంటే కోయడం. రెండూ లాటినే. బైసెక్షన్‌లో ఎస్ ఒక్కటే, రెండు అనే అర్థం ఉన్నది అక్కడ. గుండెను నిలువునా రెండు చెక్కలు చేస్తే బైసెక్షన్. పైనున్న కొవ్వును కొంచెం కొంచెంగా తీసి, కరోనరీ ధమనిని (గుండెకే రక్తం అందించే నాళాన్ని) చిన్న కొమ్మ కూడా తెగకుండా బయటపెడితే డిసెక్షన్. గుండె ఒక్క ముక్కగానే ఉంటుంది! “డై” ఉచ్చారణను నిఘంటువులూ ఒప్పుకుంటున్నాయి. నా చెవికి మాత్రం ఎక్కదు.

ఇక ప్రోసెక్షన్. సెకారే తెలిసిందే. “ప్రో” అంటే ముందు. ఇక్కడ తెలుగువాళ్ళకు పని సులువు. “నా ముందు కోశాడు”, “ముందే కోసి పెట్టాడు” – రెంటికీ మనకు ఒకటే మాట. ఈ పదానికి ఆ రెండు ముందులూ కావాలి. పాత యూరప్ తరగతుల్లో ఆచార్యుడు ఎత్తైన పీఠం మీద కూర్చుని పుస్తకం చదివేవాడు, కింద ఇంకొకడు అందరి ముందు శవాన్ని కోసేవాడు. 1537లో ఇటలీలోని పాదువాలో పాఠం మొదలుపెట్టిన శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు వెసాలియస్ పీఠం దిగి తనే కత్తి పట్టాడు. అలా చూపించడం కోసం కోసేవాడు ప్రోసెక్టర్. ఇప్పుడు ప్రోసెక్షన్ అంటే ఎక్కువగా నిపుణులు ముందే కోసి సిద్ధం చేసిన భాగం. విద్యార్థి దాన్ని చూసి నేర్చుకుంటాడు, కత్తి పట్టడు.

నేను గుర్తుపెట్టుకునేది ఇంతే: నువ్వు కోస్తే డిసెక్షన్, నీకోసం కోసి ఉంచితే ప్రోసెక్షన్.

అన్నట్టు, అభ్యాసం. ఇన్‌సెక్ట్, వివిసెక్షన్, సెక్ట్ (మతశాఖ), రిసెక్షన్ – వీటిలో ఒకటి సెకారే సంతానం కాదు, వేషం మాత్రమే వేసుకుంది. అదేదో పట్టుకుని, దాని అసలు లాటిన్ క్రియ రాయండి. మిగతా మూడింటినీ ముక్కలుగా విడగొట్టి, ఒక్కోదానికి సొంత వాక్యం రాయండి. కారణం లేని జవాబు నేను దిద్దను.