మన బండి మనమే కడదాం – 3వ పాఠం: పల్టీ కొట్టే బండిని నిలబెట్టడం

బ్లాకులతో బండ్లు కట్టుకునే కంప్యూటర్ ఆటల కోసం ఈ పాఠాలు. పోయిన పాఠంలో చక్రాలు, సస్పెన్షన్ (కుదుపుల్ని పీల్చే స్ప్రింగులు) బిగించి బండిని కదిలించేదాకా వచ్చాం. తిన్నగా ఉన్న దారిలో బాగానే పోతుంది, కాస్త స్పీడుగా మలుపు తిప్పగానే పక్కకి పడిపోతుంది, ఇప్పుడు చాలామంది బండి పరిస్థితి ఇదే అయ్యుంటుంది. అలా పడగానే అడుగున నాలుగు బరువైన బ్లాకులు అంటించాలనిపిస్తుంది, దయచేసి ఆగండి. బండిలో ఇప్పటికే ఉన్న బరువుని అటూ ఇటూ జరిపితే చాలావరకు గొడవలు పోతాయి. కొత్త బరువు కలపడం ఇంకే దారీ లేనప్పుడు చేసే పని.

ముందు సెంటర్ ఆఫ్ మాస్ ఎక్కడుందో తెలియాలి. బండి బరువంతా ఒకే చోట పోగుపడినట్టు ప్రవర్తించే బిందువు అది, ఇక్కడ కేంద్రం అని పిలుస్తాను. రాకెట్లు, విమానాలు కట్టి ఎగరేసే ఆట కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్‌లో బటన్ నొక్కితే పసుపు, నలుపు రంగుల బంతిగా కనిపిస్తుంది. యుద్ధ యంత్రాలు కట్టే ఆట బిసీజ్‌లోనూ చూపించే బటన్ ఉంది. మీ ఆటలో అలాంటిదేమీ లేకపోతే ఎత్తుగా ఒక స్తంభం కట్టి, తిరిగే కీలు లాంటి ఒకే ఒక్క బేరింగ్‌తో బండి పక్కభాగాన్ని దానికి తగిలించి వదిలేయండి. స్వేచ్ఛగా తిరిగే బేరింగ్ కావాలి, మోటారు ఉన్నది పనికిరాదు. ఊగి ఊగి ఆగాక కేంద్రం సరిగ్గా బేరింగ్ కిందికి వచ్చి నిలుస్తుంది, ఆ నిలువు గీత ఏ బ్లాకుల మీదుగా పోతుందో గుర్తుపెట్టుకోండి. తర్వాత అదే పక్కన ఇంకో చోట తగిలించి మళ్ళీ చూడండి. రెండు గీతలు కలిసే చోటు చూస్తే కేంద్రం ఎంత ఎత్తులో ఉందో, ముందుకుందో వెనక్కుందో తెలిసిపోతుంది. కుడి ఎడమలు సరిగ్గా ఒకేలా కట్టిన బండికి ఇది చాలు.

ఇప్పుడు ఒక బండి తీసుకుని లెక్క వేద్దాం, పెన్నూ కాగితం పక్కన పెట్టుకోండి. ముందు ఇరుసుని 0 అనుకుంటే వెనక ఇరుసు 10 బ్లాకుల దూరంలో ఉంది. ఫ్రేమూ చక్రాలూ కలిపి బరువు 20, అది మధ్యలో, అంటే 5 దగ్గర. ఇంజిన్ 12, ముందువైపు 1 దగ్గర. సీటు 3, అది 4 దగ్గర. ఇక అందరూ ఎంతో ఇష్టంగా పెట్టుకునే ఫిరంగి 15, వెనక ఇరుసు కూడా దాటి 11 దగ్గర వేలాడుతోంది. మొత్తం బరువు 50. ఒక్కోదాని బరువుని దాని దూరంతో గుణించి కూడితే 100, 12, 12, 165, అంతా కలిపి 289. దాన్ని 50తో భాగిస్తే 5.78. అంటే కేంద్రం నడిమధ్య నుంచి వెనక్కి జరిగింది, బరువులో దాదాపు 58 శాతం వెనక చక్రాల మీదే పడుతోంది. గ్యాస్ నొక్కినప్పుడు ముందు చక్రాలు ఇంకా తేలికైపోయి స్టీరింగ్ సరిగా పట్టదు, స్పీడులో తిప్పితేనేమో వెనక భాగం చుట్టూ తిరిగి ముందుకొచ్చేస్తుంది. ఇరుసు దాటి వేలాడేది ఏదైనా సరే వెనక బరువు పెంచడమే కాదు, ముందు చక్రాల మీద ఉన్న బరువుని లేపేస్తుంది కూడా.

ఫిరంగిని 11 నుంచి 8కి జరపండి, అంతే, ఇంకేం ముట్టుకోవద్దు. లెక్క 244 అవుతుంది, 50తో భాగిస్తే 4.88, దాదాపు నడిమధ్య. ఇదే ఫలితం ముందు ఇరుసు మీద బరువు పెట్టి సాధించాలంటే 9కి పైగా కొత్త బరువు కావాలి. అదే ఇంజిన్ అంత అదనపు బరువుని లాగాలి కాబట్టి స్పీడు అందుకోవడం 15 శాతం మందగిస్తుంది, బ్రేకులూ ఆలస్యంగా పడతాయి. మూడు బ్లాకులు జరిపితే ఊరికే వచ్చేదానికి ఇంత ఖర్చు దేనికి?

ముందూ వెనకా తేలింది, ఇక ఎత్తు. పల్టీల సంగతి తేలేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. అదే బండి, నేల నుంచి ఎత్తులు చూద్దాం. ఫ్రేమూ చక్రాలూ 1, ఇంజిన్ 2, సీటు 3, ఫిరంగి అన్నిటి మీదా 6. ఇందాకటిలాగే గుణించి కూడితే 143, 50తో భాగిస్తే కేంద్రం ఎత్తు 2.86. కుడి ఎడమ చక్రాల మధ్య వెడల్పు 5 బ్లాకులు, అందులో సగం 2.5. ఈ సగాన్ని ఎత్తుతో భాగిస్తే 0.87 వస్తుంది. మీ బండి జాతకమంతా ఈ ఒక్క అంకెలో ఉంది. పక్కకి లాగే బలం బండి బరువులో 0.87 వంతుకి చేరితే లోపలి చక్రాలు నేల వదిలేస్తాయి. టైరు పట్టు ఎంతో కూడా దీని పక్కన పెట్టి చూడాలి. పట్టు 1 దగ్గర ఉందనుకోండి, అంటే పక్కకి లాగే బలం దాదాపు బండి బరువంత అయ్యేదాకా టైరు జారదు, కాబట్టి టైరు జారేలోపే బండి తిరగబడుతుంది. ఆ అంకె పట్టు కంటే ఎక్కువుంటే ముందు టైరే జారుతుంది, బండి మలుపులో కాస్త పక్కకి పోతుంది తప్ప పడిపోదు. మనకి కావలసింది రెండోదే, జారే బండిని స్టీరింగ్‌తో సరిచేసుకోవచ్చు, తిరగబడ్డదాన్ని ఏం చేస్తాం.

మంచి టైర్లు వేశాక బండి ఇంకా ఎక్కువ పల్టీలు కొడుతోందని కొత్తవాళ్ళు తలపట్టుకుంటారే, దానికి కారణం ఇదే. పట్టు పెరిగింది, ఆ అంకె మాత్రం అక్కడే ఉంది.

ఫిరంగిని 6 నుంచి 4కి దించితే కేంద్రం 2.26కి దిగుతుంది, అంకె 1.1కి పెరుగుతుంది. లేదా ఫిరంగిని పైనే ఉంచి చక్రాల వెడల్పు 5 నుంచి 7కి పెంచండి, 1.22 వస్తుంది. దారి ఇరుకైతే మొదటిది, ఖాళీ మైదానమైతే రెండోది, నేనైతే వీలున్నప్పుడల్లా రెండూ చేస్తాను. సస్పెన్షన్ మరీ మెత్తగా ఉంటే మలుపులో బండి వాలి కేంద్రం బయటివైపుకి జరుగుతుంది, కాబట్టి లెక్కలో వచ్చిన అంకె కంటే అసలు బండి కొంచెం ముందే పడుతుంది. ఆ మేరకు అంకె కొంచెం ఎక్కువే ఉండేలా చూసుకోండి.

కుడి ఎడమల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఆటలో మిర్రర్ సౌకర్యం (ఒక పక్క పెట్టినదాన్ని రెండో పక్కా పెట్టేది) ఉంటే వాడండి, ఒక పక్కకే క్రేన్ చెయ్యి పెడితే రెండో పక్క బ్యాటరీలు గానీ సరుకు పెట్టెలు గానీ పెట్టండి. సమం చేయడానికి వాడేది కూడా ఏదో ఒక పని చేసే వస్తువే అయ్యుండాలి.

ఇక ఇంధనం. మీ ఆటలో ఇంధనానికి బరువు ఉంటే నిండు ట్యాంకుతో చేసిన లెక్క సగం దారి దాకే నిజం. కెర్బల్‌లో ఎఫ్ఎల్-టీ400 ట్యాంకు నిండుగా ఉంటే 2.25 టన్నులు, ఖాళీ అయితే 0.25 టన్నులు, అంటే తొమ్మిదో వంతు. అలాంటి ట్యాంకుని విమానం ముక్కు దగ్గర పెట్టారనుకోండి, ఇంధనం కాలే కొద్దీ కేంద్రం తోకవైపు నడుస్తూ పోతుంది. లిఫ్ట్ కేంద్రాన్ని, అంటే రెక్కలు పైకెత్తే బలమంతా పనిచేసే చోటుని, చూపే నీలం బంతి ఎప్పుడూ పసుపు బంతికి వెనకే ఉండాలి. పసుపుది దాన్ని దాటి వెనక్కి పోయిందంటే అప్పటిదాకా చక్కగా ఎగిరిన విమానం ఉన్నట్టుండి తోక ముందుకి తిరుగుతుంది. ఎగరకముందే హ్యాంగర్‌లో ట్యాంకు మీద కుడి క్లిక్ చేసి ఇంధనాన్ని మెల్లగా సున్నాకి తగ్గిస్తూ ఆ పసుపు బంతినే చూడండి, ఎటు ఎంత నడుస్తుందో మీ కళ్ళ ముందే తెలుస్తుంది. ట్యాంకుల్ని కేంద్రానికి చుట్టూ దగ్గరగా పెడితే అది పెద్దగా కదలదు. ముందూ వెనకా తప్పదంటే రెండూ సమంగా ఖాళీ అయ్యేలా చూసుకోండి. నేల మీది బండికీ ఇంతే, సరుకు మోసేదైతే ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి లెక్క వేయాలి.

ఇవన్నీ చేశాక కూడా క్రేన్ ఎత్తేటప్పుడు బండి ముందుకి ఒరుగుతుంటే అప్పుడు పెట్టండి అదనపు బరువు. వెనకవైపు, కేంద్రానికి వీలైనంత దూరంగా, వీలైనంత కిందికి, అయితే వెనక ఇరుసుకి మరీ అవతల కాకుండా. దూరంగా పెడితే తక్కువ బరువుతోనే పని అవుతుంది. బిసీజ్‌లో బ్యాలస్ట్ (సమతూకం కోసం పెట్టే బరువు) బ్లాకు బరువుని స్లైడర్‌తో మార్చుకోవచ్చు, ముందు ఎక్కువ పెట్టి ఒరగడం మొదలయ్యేదాకా తగ్గిస్తూ వచ్చి, అక్కడినుంచి కొంచెం పెంచి ఆపండి.

ఈసారి అభ్యాసం: మీ బండికి ఎత్తు లెక్క వేసి ఆ అంకె రాసుకోండి, తర్వాత కొత్త బ్లాకు ఒక్కటి కూడా కలపకుండా దాన్ని ఎంతవరకు పెంచగలరో చూడండి. తర్వాతి పాఠంలో బండిని తోసే థ్రస్టర్లు బిగిస్తాం, అవి తోసే గీత ఈ కేంద్రం గుండా పోకపోతే బండి ఎలా గిరగిరా తిరుగుతుందో అక్కడ చూద్దాం, కాబట్టి ఇవాళ వేసిన లెక్కల కాగితం పారేయకండి.