బేస్‌బాల్ కోచ్ కెరీర్ చదవడం, 4వ పాఠం: గెలుపు ఎవరి ఖాతాలోకి?

పోయినసారి లియో మజోనీ గురించి నాలుగు వాక్యాలు రాయమంటే, చాలామంది అట్లాంటా బ్రేవ్స్ గెలుపులన్నీ ఆయన ఖాతాలో వేసేశారు. అందుకని ఈ వారం రావాల్సిన కాలేజీ కోచ్‌ల పాఠం వెనక్కి జరిగింది. ముందు ఈ లెక్క తేలాలి.

మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా ప్రధాన ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో, గెలుపోటములు జట్టును మైదానంలో నడిపే మేనేజర్ పేరు మీద రాస్తారు. అప్పట్లో బ్రేవ్స్‌కి బాబీ కాక్స్ మేనేజర్, మజోనీ ఆయన కింద పిచింగ్ కోచ్, అంటే బంతి విసిరే పిచర్లకి నేర్పేవాడు. కాలేజీలో మాత్రం హెడ్ కోచ్‌దే పెత్తనం కాబట్టి ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ కోచ్ మైక్ మార్టిన్ పేరున 2,029 గెలుపులు కనిపిస్తాయి. ఇంతవరకూ తేలికే.

అసలు చిక్కు 1961 షికాగో కబ్స్ దగ్గర వస్తుంది. చూసీ చూడనట్టు దాటేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. యజమాని ఫిలిప్ రిగ్లీ మేనేజరే వద్దన్నాడు. కోచ్‌లు వంతులవారీగా హెడ్ కోచ్‌గా ఉండాలన్నాడు. ఆ ఏడాది జట్టు 64 గెలిచి 90 ఓడింది. మేనేజర్ల పట్టికలో అది ఇలా చీలిపోయింది (ముందు గెలుపులు, తర్వాత ఓటములు): ఎల్ టాపీ 42-54, వేడీ హిమ్స్ల్ 10-21, హ్యారీ క్రాఫ్ట్ 7-9, లూ క్లైన్ 5-6. కూడి చూడండి, సరిపోతుంది. హిమ్స్ల్ ఆ 31 మ్యాచులూ ఒక్క విడతలో నడిపినవి కావు. దింపారు, మళ్లీ ఎక్కించారు. ఆ 10-21 చూసి "చేతకాని మేనేజర్" అని రాస్తే ఎంత అన్యాయం! మరుసటి ఏడాది టాపీ 4-16, క్లైన్ 12-18, చార్లీ మెట్రో 43-69. మొత్తం 103 ఓటములు.

అదే 1962లో కబ్స్ బక్ ఓనీల్‌ని తీసుకుంది. మేజర్ లీగ్‌లో మొదటి నల్లజాతి కోచ్ ఆయనే. అంతకుముందు నల్లజాతి ఆటగాళ్ల లీగ్‌లోని కాన్సస్ సిటీ మోనార్క్స్ జట్టుకి ఏళ్ల తరబడి మేనేజర్‌గా చేసిన మనిషి. అయినా హెడ్ కోచ్ వంతు ఆయనదాకా రానివ్వలేదు. ఆ పట్టికలో ఆయన పేరే ఉండదు. తర్వాత కబ్స్ స్టార్ అయిన ఎర్నీ బ్యాంక్స్ మోనార్క్స్‌లో ఆయన దగ్గరే ఆడాడు. ఆటగాళ్లని వెతికే స్కౌట్‌గా లూ బ్రాక్ అనే మరో స్టార్‌ని కబ్స్‌కి పట్టుకొచ్చింది కూడా ఆయనే. పట్టికలో పేరు లేకపోతే కెరీరే లేదనుకునేవాళ్లకి నా జవాబు ఇదే.

నా పద్ధతి చెప్తాను. కోచ్ పేరు కనపడగానే ముందు ఎవరి కింద చేశాడో, తర్వాత ఎవరికి నేర్పాడో చూస్తాను. డేవ్ డంకన్ ఆడిన రోజుల్లో క్యాచర్. పిచింగ్ కోచ్‌గా మేనేజర్ టోనీ లా రూసా వెంట వైట్ సాక్స్, ఓక్లాండ్, కార్డినల్స్ మూడు జట్లూ తిరిగాడు. ఆయన చేతి కింద హోయ్ట్, వెల్చ్, ఎకర్స్లీ, కార్పెంటర్ అనే పిచర్లు సై యంగ్ అవార్డులు (ఏటా ఉత్తమ పిచర్‌కి ఇచ్చేవి) గెలిచారు. కోచ్‌లలో నాకు ఈయనంటే మొగ్గు ఎక్కువ, దాచను.

కానీ అవార్డులనీ గుడ్డిగా నమ్మకండి. బ్రేవ్స్‌లో మజోనీ ఉండగా పిచర్ గ్రెగ్ మాడక్స్‌కి సై యంగ్‌లు మూడు వచ్చాయి. ఆ మాడక్స్ 1992లో కబ్స్ తరఫున ఒకటి గెలుచుకుని మరీ వచ్చాడు.

అభ్యాసం: లూ క్లైన్ 1965లో కూడా కబ్స్‌ని నడిపాడు, 48-58. మూడు విడతలూ కలిపి ఆయన లెక్క తేల్చండి. తర్వాత ఒక్క అంకె కూడా వాడకుండా ఓనీల్ కెరీర్ ఆరు వాక్యాల్లో రాయండి. "గొప్ప" అనే మాట వాడితే దిద్దను.