గృహహింస కేసులో ప్రతివాదికి పాఠాలు – 3: కౌంటర్‌కు పేరావారీ చిత్తు

రెండో పాఠంలో చెప్పిన పని పూర్తయిందనుకుంటాను. కోర్టు నుంచి వచ్చిన కాగితాల కట్ట మొత్తానికి జిరాక్సు తీయించి, ప్రతి పేజీకి నంబరు వేసి, వకాల్తా మీద సంతకం పెట్టి, వాయిదా తేదీ క్యాలెండరులో రాసుకోవడమే ఆ పని. అది కానివాళ్లు ముందు దాన్ని ముగించండి. ఈ పాఠాన్ని ఆ కట్ట పక్కన పెట్టుకునే చదవాలి.

ఈసారి నేర్చుకునేది ఒక్కటే. పిటిషన్‌లోని ఒక్కో పేరాకు మీ జవాబేమిటో, దానికి రుజువేమిటో చిత్తు కాగితం మీద రాయడం. కోర్టులో దాఖలయ్యే కౌంటర్‌ను, అంటే పిటిషన్‌కు మీరిచ్చే రాతపూర్వక జవాబును, మీ న్యాయవాదే తయారు చేస్తారు. కానీ మీ ఇంట్లో ఏ రోజు ఏం జరిగిందో ఆయనకు తెలియదు. అమలాపురంలోనైనా నరసాపురంలోనైనా, వాయిదా రోజు కోర్టు వరండాలో నిలబడి హడావుడిగా చెప్పిన నాలుగు ముక్కలతో తయారైన కౌంటర్లన్నీ ఒకేలా ఉంటాయి: ‘ఆరోపణలన్నీ అబద్ధం, కల్పితం, దురుద్దేశపూరితం.’ ఈ వాక్యం వల్ల గట్టెక్కిన ప్రతివాదిని నేను చూడలేదు.

కేసు స్వభావం గురించి మొదటి పాఠంలో చెప్పినదాన్ని రెండు ముక్కల్లో గుర్తు చేస్తాను. 2005 నాటి గృహహింస చట్టం కింద 12వ సెక్షన్ పిటిషన్‌లో మీరు ముద్దాయి కాదు, ప్రతివాది. పిటిషన్ వేసిన ఆమె కోరేవి రక్షణ, నివాసం, భరణం, పిల్లల సంరక్షణ, పరిహారం. 18 నుంచి 22 వరకు ఉన్న సెక్షన్లు వాటికోసమే. ఈ చట్టంలో జైలు మాట ప్రధానంగా వచ్చేది కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును మీరినప్పుడు. 31వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పోలీసు కేసు వేరు. భార్యను భర్త, అతని బంధువులు క్రూరంగా చూడటం నేరమన్న పాత ఐపీసీ 498ఏ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ వచ్చింది. రెండూ వేర్వేరు కేసులైనా ఇక్కడ ప్రమాణం చేసి రాసిన మాటను అక్కడ మీ ముందు పెట్టి ప్రశ్నిస్తారు. కాబట్టి ఈ కేసు చిన్నదనుకుని తేలిగ్గా రాయకండి.

ఇక పనిలోకి వెళ్దాం. తెల్లకాగితాన్ని అడ్డంగా పెట్టి నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో పిటిషన్ పేరా నంబరు. రెండో గడిలో ఆమె చెప్పినది, ఆమె మాటల్లోనే. మూడో గడిలో మీ జవాబు. నాలుగో గడిలో ఆ జవాబును నిలబెట్టే కాగితం లేదా మనిషి. పిటిషన్ ఇంగ్లీషులో ఉంటే న్యాయవాది గుమాస్తాను కూర్చోబెట్టుకుని వాక్యం వాక్యం తెలుగులో చెప్పించుకోండి. సారాంశం చాలదు.

మూడో గడిలో రాయదగిన జవాబులు మూడే: అవును, కాదు, నాకు తెలియదు. ఒకే పేరాలో కొంత నిజం, కొంత అబద్ధం ఉంటే దాన్ని ముక్కలు చేయండి. సివిల్ వ్యాజ్యాల్లో ఒక సూత్రం ఉంది. ప్రత్యేకంగా కాదనని ఆరోపణను ఒప్పుకున్నట్టే లెక్కిస్తారు (సివిల్ ప్రక్రియా స్మృతి 8వ ఆర్డరు, 5వ రూలు). మెజిస్ట్రేట్ కోర్టులో ఈ రూలు అక్షరాలా వర్తించకపోయినా న్యాయమూర్తి చదివే పద్ధతి అదే.

ఒక నమూనా పేరా తీసుకుందాం. కుటుంబం కల్పితం, పేర్లు అక్కర్లేదు. భర్త కువైట్‌లో డ్రైవరు. అత్తమామలు ముమ్మిడివరం దగ్గర ఒక పల్లెలో ఉంటారు, మామగారికి రొయ్యల చెరువు ఉంది. ఆడపడుచు, ఆమె భర్త తాడేపల్లిగూడెంలో కాపురం. పిటిషన్ ఏడో పేరా ఇలా ఉంది: ‘2024 సంక్రాంతి రోజుల్లో ఒకటి నుంచి అయిదు వరకు ఉన్న ప్రతివాదులు అదనంగా 2 లక్షలు తెమ్మని నన్ను కొట్టి, నా 12 కాసుల బంగారం లాక్కుని, ఇంట్లోంచి గెంటేశారు.’

చదవగానే భర్త నోటి నుంచి వచ్చే మాట: ‘నేను అప్పుడు దేశంలోనే లేను!’ నిజమే కావచ్చు. పాస్‌పోర్టు మీద ముద్రలు, విమానం టికెట్టు, అక్కడి యజమాని ఇచ్చిన హాజరు పత్రం నాలుగో గడిలోకి వెళ్తాయి. అయితే ఆ జవాబు కొట్టడం అన్న ఆరోపణకు మాత్రమే సరిపోతుంది. ఈ చట్టం 3వ సెక్షన్ మాటలతో వేధించడాన్నీ, మానసిక హింసనూ, డబ్బు బిగపట్టి ఆర్థికంగా ఇబ్బంది పెట్టడాన్నీ హింసగానే చూస్తుంది. ఫోనులో తిడుతూ 2 లక్షలు అడిగారని ఆమె వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు చూపిస్తే పాస్‌పోర్టు ముద్ర ఏం చేస్తుంది? కాబట్టి డబ్బు అడిగారా, లేదా అన్నది వేరే వరుసలో, విడిగా రాయాలి.

ఇప్పుడు ఆడపడుచు సంగతి. ఆమె ఊరు తాడేపల్లిగూడెం కనుక ‘నాలుగో ప్రతివాదికి ఈ ఇంటితో సంబంధం లేదు, ఆ రోజుల్లో రానేలేదు’ అని రాసేయాలని అందరికీ అనిపిస్తుంది. సంక్రాంతికి ఆడపిల్ల పుట్టింటికి రాలేదంటే కోనసీమలో ఎవరు నమ్ముతారు? వీధి వీధంతా చూసి ఉంటుంది. వచ్చి ఉంటే వచ్చిందనే రాయండి. భోగినాడు వచ్చింది, ముక్కనుమ మర్నాడు వెళ్లింది, పిల్లల బడి హాజరు పట్టీ ఇదిగో, గొడవ జరిగింది ఆమె వెళ్లిన తర్వాత. ఇది నిజమైతే ‘రాలేదు’ కంటే ఎంతో బలమైన జవాబు. ఒక్క అబద్ధం బయటపడితే మిగతా కౌంటర్‌లో ఉన్న నిజాలు కూడా చెల్లకుండా పోతాయి.

దూరాన ఉండే బంధువులను కట్టగట్టి చేర్చడం గురించి సుప్రీంకోర్టు చాలాసార్లు మాట్లాడింది. 2022లో కహకషాన్ కౌసర్ కేసులో, 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన దారా లక్ష్మీనారాయణ కేసులో, ఎవరు ఏం చేశారో చెప్పకుండా అందరి మీదా మోపిన సాధారణ ఆరోపణలతో భర్త తరఫు బంధువులను క్రిమినల్ కేసులోకి లాగకూడదంది. అవి 498ఏ తీర్పులు. ఇక్కడ కూడా ఆ తర్కం పనికొస్తుంది, కానీ తనంతట తాను కాదు. వేరుగా ఉండేవారు వేరుగా కౌంటర్ వేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒకటో ప్రతివాది కౌంటర్‌నే మిగతావారు అనుసరిస్తున్నట్టు మెమో (కోర్టుకు ఇచ్చే చిన్న రాతపత్రం) దాఖలు చేయడం ఖర్చు తగ్గిస్తుంది, నిజమే. కానీ ఆ మెమోతో అయిదుగురూ ఒకే జట్టన్న ఆమె మాటను మీరే బలపరిచినట్టవుతుంది. ఖర్చు భయం ఉన్న అత్తగారికీ ఆడపడుచుకూ ఒక దారి ఉంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఫిర్యాదు చేసినవారికే కాదు, ప్రతివాదులకూ ఈ హక్కు ఉంది. ఫోను నంబరు 15100.

12 కాసుల బంగారం దగ్గరకు వద్దాం. గోదావరి డెల్టాలో నేను ఎక్కువగా చూసే చిక్కు ఇదే. చెరువులో రొయ్యకు మేత అప్పు పెరిగింది, కోడలి నగలు బ్యాంకులో మామగారి పేరిట తాకట్టుకు వెళ్లాయి, పంట పోయింది, నగలు అక్కడే ఉండిపోయాయి. ‘లాక్కోలేదు, ఆమె ఇష్టంతోనే పెట్టాం’ అంటారు. కావచ్చు. కానీ ఆ నగలు ఆమె స్త్రీధనం. కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉంటుందని 2024 ఏప్రిల్‌లో కూడా సుప్రీంకోర్టు చెప్పింది. ఈ చట్టంలో స్త్రీధనాన్ని ఆమెకు దక్కకుండా చేయడం ఆర్థిక హింస, దాన్ని తిరిగి ఇప్పించే అధికారం 19వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి ఈ వరుసలో తాకట్టు రసీదు తేదీ, బరువు, ప్రస్తుతం నగలు ఎక్కడున్నాయి, ఎప్పటికి విడిపిస్తారు అన్నవి రాయండి. వీలైతే కౌంటర్ వేసేలోగా విడిపించి, కంసాలి దగ్గర తూకం వేయించి, ఫొటోలతో జాబితా రాయించి, కోర్టులో మెమో ద్వారా అప్పగించండి. ‘లాక్కున్నారు’ అన్న మాటకు ఇంతకు మించిన జవాబు లేదు. పైగా అది ఆమె సొమ్ము. కేసు ఉన్నా లేకపోయినా ఇచ్చి తీరాల్సిందే.

‘గెంటేశారు’ అన్న ముక్కకు పెద్దల కాగితం ముఖ్యం. మన ఊళ్లలో గొడవ కోర్టుకు చేరేలోపు పెద్దమనుషుల మధ్య ఒకటి రెండు తగవులు జరిగే ఉంటాయి. ‘ఇకపై చెయ్యి చేసుకోను’ అని అప్పుడు భర్త సంతకం పెట్టిన కాగితం ఉంటే దాని ప్రతి అవతలివాళ్ల దగ్గర తప్పకుండా ఉంటుంది. దాన్ని దాచిపెట్టి ‘ఏనాడూ కొట్టలేదు’ అని రాయకండి. ముందు న్యాయవాదికి చూపించండి. ఈ చట్టం కింద నియమితులైన ప్రొటెక్షన్ ఆఫీసరు రాసిన గృహ సంఘటన నివేదికకు, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు ఉంటే దానికీ ప్రతులు తెప్పించుకోండి. తేదీలు, వస్తువులు, హాజరైన మనుషుల పేర్లు ఒక కాగితానికీ ఇంకో కాగితానికీ ఎక్కడ మారాయో నాలుగో గడిలో గుర్తుపెట్టండి. అవతలి సాక్షులను మీ న్యాయవాది ప్రశ్నించే క్రాస్ పరీక్షకు పునాది అదే.

కట్నం గురించిన పేరాను ఒంటరిగా రాయొద్దు. 1961 వరకట్న నిషేధ చట్టం కింద పుచ్చుకోవడమూ ఇవ్వడమూ రెండూ నేరాలే. పసుపు కుంకుమ కింద రాసిన పొలం, సారె, ఆడపడుచు లాంఛనాలు, మీరు అడగకుండా వచ్చిన బహుమతులు, వేటిని ఎలా చెప్పాలో న్యాయవాదితో ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోండి. అబద్ధపు ప్రమాణం నేరం, ఆలోచన లేని ఒప్పుకోలు ప్రమాదం.

కౌంటర్లలో తరచూ కనిపించే మూడు జవాబులను మీ చిత్తులోంచి ముందే కొట్టేయండి. ‘సంఘటన జరిగి ఏడాది దాటింది కాబట్టి కేసు చెల్లదు’ అనేది మొదటిది. 12వ సెక్షన్ పిటిషన్‌కు ఆ కాలపరిమితి వర్తించదని 2022లో కామాక్షి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ‘ఇల్లు మా నాన్నది, ఆమెకు ఉండే హక్కు లేదు’ అనేది రెండోది. 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహూజా తీర్పుతో ఆ మాటకు బలం పోయింది. అత్తమామల ఇల్లయినా ఆమె కాపురం చేసినదైతే అది ఉమ్మడి నివాసం కాగలదు. దాంతో కోర్టు తనను బయటికి పంపేస్తుందేమోనని భయపడే అత్తగారికి ఒక మాట: ఇల్లు ఖాళీ చేయమనే ఉత్తర్వు ఏ స్త్రీ మీదా ఇవ్వకూడదని 19వ సెక్షన్‌లోనే ఉంది.

మూడోది ఆమె నడవడి మీద మచ్చ వేయడం. దీని గురించి గట్టిగా చెప్పాలి. ఎవరితోనో మాట్లాడుతుందని, పెళ్లికి ముందే ఏదో ఉందని రుజువు లేకుండా రాసిన ఒక్క వాక్యం చాలు, మానసిక హింసకు మీరే సాక్ష్యం సమకూర్చినట్టు. చిన్న ఊళ్లలో ఆ కాగితం కోర్టు దాటి బయటికి వస్తుంది. రేపు మీ పిల్లలు దాన్ని చదువుతారు. కోపంతో రాసిన అలాంటి పేరాలను నేను ఏ కక్షిదారు కోసమూ దాఖలు చేయను.

నిజంగా చెయ్యి చేసుకున్నవాళ్లు కూడా ఈ పాఠం చదువుతుంటారు. మీకూ న్యాయవాది హక్కు ఉంది, న్యాయమైన విచారణ హక్కు ఉంది. కానీ జరిగినదాన్ని జరగలేదని రాయించడం ఈ పాఠాల పని కాదు. మీ విషయంలో మీ న్యాయవాది చేయగలిగింది వేరు. జరిగినదాన్ని జరిగినంతకే పరిమితం చేయడం, చేయని వారిని పక్కకు తీయడం, భరణం మీ తాహతుకు తగ్గట్టు ఉండేలా చూడటం, కౌన్సెలింగుకు సిద్ధమని 14వ సెక్షన్ కింద కోర్టుకు చెప్పడం. ఈ చట్టం అవసరమైన స్త్రీలు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. దాన్ని తిట్టుకుంటూ కూర్చున్న ప్రతివాది తన కేసు తాను చదువుకోలేడు.

ఈలోగా మధ్యంతర ఉత్తర్వు ఏదైనా వచ్చి ఉంటే దాన్ని చదవండి, పాటించండి. ఆమెతో ఏ రూపంలోనూ మాట్లాడకూడదని అందులో ఉంటే ‘రాజీకే కదా’ అనుకుని పెద్దమనుషులను ఆమె పుట్టింటికి పంపడం కూడా ఉత్తర్వును మీరడమే కావచ్చు. రాజీ మాట న్యాయవాదుల ద్వారానో, లోక్ అదాలత్ ద్వారానో నడవాలి. ఉత్తర్వు అన్యాయమనిపిస్తే సెషన్స్ కోర్టులో అప్పీలుకు 29వ సెక్షన్ 30 రోజుల గడువిచ్చింది. పరిస్థితులు మారితే సవరించమని 25వ సెక్షన్ కింద అదే మెజిస్ట్రేటును అడగవచ్చు.

ఫోను గురించి ఒక్క మాట. వాట్సాప్ సంభాషణల్లో మీకు నచ్చని ముక్కలు చెరిపేయకండి. ఫోను మార్చకండి, పాడైతే దాచి ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. సంభాషణ మొత్తం ఉన్నదున్నట్టు ఉంటేనే దానికి విలువ. గల్ఫ్‌లో ఉన్న భర్త తన అఫిడవిట్‌ను అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరింపజేసి పంపాలి. దానికి సమయం పడుతుంది కనుక వాయిదా దగ్గరపడేదాకా ఆగకండి.

అభ్యాసం: పిటిషన్‌లో మీకు అన్నింటికంటే ఎక్కువ కోపం తెప్పించిన పేరాను చివరికి వదిలి, మిగతావన్నీ నాలుగు గళ్లలో పూర్తి చేయండి. నాలుగో గడి ఖాళీగా మిగిలిన వరుసల పక్కన చుక్క పెట్టండి. న్యాయవాదితో ముందు మాట్లాడాల్సినవి అవే. వదిలిన పేరాను ఒక రాత్రి నిద్రపోయి లేచాక రాయండి.

నాలుగో పాఠం మధ్యంతర భరణం మీద. 2020 నవంబరు నాటి రజనీష్ – నేహా తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. దానికోసం బ్యాంకు స్టేట్‌మెంట్లు, కౌలు కాగితాలు, కొబ్బరి, చేపల అమ్మకాల పట్టీలు, జీతం చీటీలు ఒక సంచిలో వేసి ఉంచండి.