బీఎంఎస్‌లో కంట్రోలర్లు ఆఫ్‌లైన్ అవుతున్నాయా? బోర్డు మార్చే ముందు వైరు దారి చూడండి

బీఎంఎస్ (బిల్డింగులోని ఏసీ వగైరాలను ఒకచోటి నుంచి చూసి నడిపే కంప్యూటర్ వ్యవస్థ) స్క్రీన్ మీద ఒక వీఏవీ (గదికి వెళ్లే చల్లగాలిని ఎక్కువ తక్కువ చేసే పెట్టె) ఎర్రబడితే సైట్‌లో మొదట వినిపించే మాట "బోర్డు పోయింది" అని. కొత్త బోర్డు పెడతారు, రెండ్రోజులు బాగుంటుంది, మళ్లీ అదే గోల. తప్పు బోర్డులో కాదు, లైన్ వేసిన తీరులో ఉంటే ఇలాగే జరుగుతుంది. కింద చెప్పేవన్నీ బ్యాక్‌నెట్ (కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష) వాడే బిల్డింగుల లక్షణాలు. మాదాపూర్‌లో నాలుగంతస్తుల డయాగ్నస్టిక్ సెంటర్‌కి మొదటి నాలుగూ చాలు. నానక్‌రామ్‌గూడ ఆఫీసు టవర్‌కీ, కోకాపేటలో అయిదారు టవర్ల గేటెడ్ కమ్యూనిటీకీ చివరిదాకా అవసరమే.

లక్షణం: ఒకే లైన్ మీది కంట్రోలర్లు వస్తూ పోతూ ఉంటాయి, ఏది పోతుందో రోజుకోలా ఉంటుంది

ఇది ఎంఎస్/టీపీ (ఒకే జత వైరు మీద కంట్రోలర్లు వంతులవారీగా మాట్లాడే బ్యాక్‌నెట్ పద్ధతి) లైన్ జబ్బు, అంటే ఆర్‌ఎస్-485 జత వైరుది. ముందు మల్టీమీటర్ తీయండి. ఆ లైన్ మీది కంట్రోలర్లు, రూటర్ (లైన్‌ను ఐపీ నెట్‌వర్క్‌తో కలిపే పెట్టె) అన్నిటికీ పవర్ ఆపి, వైర్లు ఊడదీయకుండానే ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య ఓమ్‌లు కొలవండి. 55 నుంచి 65 మధ్య వస్తే రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల టెర్మినేటర్లు (లైన్ కొసన సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపే రెసిస్టర్లు) ఉన్నట్టు. 120 దగ్గర వస్తే ఒకటే ఉంది. 40 వస్తే మూడున్నాయి, మధ్యలో ఏదో కంట్రోలర్‌కి ఎండ్-ఆఫ్-లైన్ స్విచ్ ఆన్‌లో మర్చిపోయారు. సున్నా దగ్గరైతే షార్ట్.

"ఒకటి ఎక్కువైతే ఏమైంది?" అంటారు. లెక్క చూడండి. లైన్ మాట్లాడనప్పుడు దాన్ని నిలబెట్టేవి బయాస్ రెసిస్టర్లు: 5 వోల్టుల నుంచి పైన 510 ఓమ్‌లు, కింద 510 ఓమ్‌లు. రెండు టెర్మినేటర్లుంటే మధ్యలో 60 ఓమ్‌ల మీద పడేది 5 × 60 ÷ 1080, అంటే సుమారు 0.28 వోల్టులు. మూడోది తగిలితే 5 × 40 ÷ 1060, అంటే 0.19. ఆర్‌ఎస్-485 రిసీవర్‌కి కచ్చితంగా అర్థమయ్యే హద్దు 0.2 వోల్టు. దానికి దిగువన ఒక కంట్రోలర్ సున్నా అనుకుంటుంది, ఇంకోటి ఒకటి అనుకుంటుంది. రోజుకో కంట్రోలర్ పోవడం అందుకే.

టెర్మినేటర్ కొసల్లోనే ఉండాలి. బయాస్ ఒక సెట్ తప్పనిసరి, రెండుకు మించొద్దు. స్విచ్ లేని బోర్డు కొసన పడితే కోఠి గుజరాతీ గల్లీలో 120 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్ కొని ప్లస్, మైనస్ మధ్య బిగించండి, సరిపోతుంది.

మీటర్ సరిగ్గానే చూపించినా గోల ఆగలేదంటే టీ-జాయింట్లు వెతకండి. సైట్‌లో అందరం "లూప్" అనే అంటాం గానీ, అది తిరిగి మొదటికి రాకూడదు, కొమ్మలుగా చీలకూడదు. ఒక కంట్రోలర్‌లోకి వచ్చిన జత అదే టెర్మినల్ నుంచి తర్వాతదానికి వెళ్లాలి. ఫాల్స్ సీలింగ్ మూసేశాక చేర్చిన వీఏవీకి ఎలక్ట్రీషియన్ దగ్గర్లోని జంక్షన్ బాక్స్ నుంచి పది మీటర్లు లాగేసి ఉంటాడు. ఆ కొమ్మ చివర సిగ్నల్ తగిలి వెనక్కి వచ్చి అసలు మాటను చెడగొడుతుంది. కొమ్మ తీసేసి, జత వెళ్లి తిరిగొచ్చేలా రెండు కేబుళ్లు వేయాలి. వేరే దారి లేకపోతే అక్కడ రిపీటర్ పెట్టండి.

ఇంకోటి, ఏ, బీ అక్షరాలను నమ్మకండి. ఒక కంపెనీ ఏ అంటే ప్లస్, ఇంకో కంపెనీ అదే అక్షరాన్ని మైనస్‌కి వాడుతుంది. ప్లస్, మైనస్ గుర్తులే చూడండి.

లక్షణం: కొత్తగా పెట్టిన కంట్రోలర్ అసలు కనిపించదు, పాతవి బాగానే ఉన్నాయి

మూడు కారణాలు. ఒకటి, అడ్రస్. ఎంఎస్/టీపీలో టోకెన్ (మాట్లాడే వంతు) అందుకునే మాస్టర్ల అడ్రస్‌లు 0 నుంచి 127 దాకానే. డిప్ స్విచ్‌లో ఎనిమిదోది పొరపాటున పైకి లేస్తే అడ్రస్ 127 దాటిపోతుంది, టోకెన్ రాదు.

రెండు, మ్యాక్స్ మాస్టర్, అంటే టోకెన్ ఇవ్వడానికి ఏ అడ్రస్ దాకా వెతకాలో చెప్పే హద్దు. లైన్ వేగంగా తిరగాలని ఎవరో దాన్ని 40కి తగ్గించి ఉంటారు. ఆ తర్వాత మీరు 45 అడ్రస్‌తో కొత్తది పెడితే, పాతవి 40 దాకా వెతికి మళ్లీ 0కి వెళ్లిపోతాయి, 45ని పిలిచేవాళ్లే లేరు. ఆ లైన్ మీది అన్నిటిలోనూ మ్యాక్స్ మాస్టర్ పెంచండి, లేదా కొత్తదానికి ఖాళీగా ఉన్న చిన్న అడ్రస్ ఇవ్వండి.

మూడు, బాడ్ రేట్, అంటే లైన్ మీద బిట్లు వెళ్లే వేగం. లైన్ మొత్తానికీ ఒకటే ఉండాలి.

కొత్తది పెట్టగానే పాతదొకటి పోయిందంటే వెతకాల్సిన పనే లేదు, రెండిటికీ ఒకే అడ్రస్ ఉంది.

లక్షణం: అన్నీ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి, కానీ సెట్‌పాయింట్ మారిస్తే చాలాసేపటికి గానీ తీసుకోదు

టోకెన్ ఫ్రేమ్ 8 బైట్లు, వైరు మీద 80 బిట్లు. 9600 బాడ్‌లో అది 8.3 మిల్లీసెకన్లు. 40 కంట్రోలర్లుంటే ఎవరూ ఏమీ మాట్లాడకుండా టోకెన్ ఒక చుట్టు తిరగడానికే 333 మిల్లీసెకన్లు. అదే 76800లో 42. ఒక్క పాత బోర్డు 38400కి మించి పోలేకపోతే లైన్ మొత్తం దాని నడకే నడవాలి. అలాంటి పాతవాటిని విడిగా ఒక లైన్ మీద పెట్టడం మేలు.

తర్వాత రూటర్‌లో మ్యాక్స్ ఇన్ఫో ఫ్రేమ్స్ చూడండి. అది 1 ఉంటే టోకెన్ చేతికొచ్చిన ప్రతిసారీ రూటర్ ఒకే ప్రశ్న పంపుతుంది, సర్వర్ అడిగినవన్నీ వెనక క్యూ కడతాయి. రూటర్‌కి 20 ఇవ్వండి, మామూలు కంట్రోలర్లకి 1 ఉంచండి. గది ఉష్ణోగ్రతల్ని సెకనుకోసారి పోల్ చేయడం (అడగడం) మానేసి సీఓవీకి (విలువ మారినప్పుడే కబురు పంపే పద్ధతికి) మార్చండి, మార్పు హద్దు 0.5 డిగ్రీ పెట్టండి. 0.1 పెడితే సెన్సర్ వణికిన ప్రతిసారీ కబురు వస్తుంది.

ఇదంతా చేసినా నెమ్మదిగానే ఉంటే లైన్‌ను రెండుగా చీల్చాల్సిందే. పుస్తకం ప్రకారం ఒక సెగ్మెంట్‌కి (లైన్ ముక్కకి) 32 ఫుల్ లోడ్ చిప్పులు, ఎనిమిదో వంతు లోడ్ చిప్పులైతే 256. చిప్పు మోస్తుంది గానీ టోకెన్ మోయదు. వీఏవీ లైన్‌కి 25-30 దగ్గర ఆపి, అంతస్తుకో రూటర్, రూటర్ల మధ్య ఐపీ అని గీయండి. అద్దెకున్న కంపెనీ మారినప్పుడల్లా క్యాబిన్లు మారి నాలుగైదు వీఏవీలు చేరుతుంటాయి, ఆ చోటు ముందే వదలాలి.

లక్షణం: ఉదయం ఏహెచ్‌యూలు (గాలిని చల్లబరిచి తోసే పెద్ద యూనిట్లు) స్టార్ట్ కాగానే లైన్ పోతుంది

వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పుట్టించే కరెంటు రొద. కమ్యూనికేషన్ కేబుల్ మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో పడుకుని ఉంటుంది. 300 మిల్లీమీటర్ల ఎడం ఇవ్వండి, దాటక తప్పని చోట అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి. షీల్డ్ (కేబుల్‌లో వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగు) ప్రతి కంట్రోలర్ దగ్గరా కలుపుకుంటూ పోయి ఒక్క కొసన మాత్రమే ఎర్త్ చేయాలి. రెండు కొసలా ఎర్త్ చేస్తే షీల్డే కరెంటు మోస్తుంది. మామూలు రెండు కోర్ల వైరుతో సరిపెట్టుకుని ఉంటే ఎన్ని చేసినా దండగ. 18 ఏడబ్ల్యూజీ (వైరు మందం కొలత) షీల్డెడ్ ట్విస్టెడ్ పెయిర్ వేయండి, 1200 మీటర్ల హద్దు అలాంటి కేబుల్‌కే వర్తిస్తుంది.

లక్షణం: పింగ్ వస్తోంది, డిస్కవరీలో (నెట్‌వర్క్‌లోని పరికరాలను వెతికినప్పుడు) మాత్రం కొన్ని అంతస్తులు రావు

బ్యాక్‌నెట్ ఐపీలో "ఎవరున్నారు?" అన్న కేక బ్రాడ్‌కాస్ట్ (సబ్‌నెట్‌లోని అందరికీ ఒకేసారి వెళ్లేది), యూడీపీ పోర్టు 47808 మీద వెళ్తుంది. పింగ్‌కి ఆ బాధ లేదు, నేరుగా వెళ్తుంది. కాబట్టి ముందు సబ్‌నెట్ మాస్క్ చూడండి. నెట్‌వర్క్ 10.10.8.0, మాస్క్ 255.255.254.0 అయితే బ్రాడ్‌కాస్ట్ అడ్రస్ 10.10.9.255. ఒక రూటర్‌లో అలవాటు కొద్దీ 255.255.255.0 కొడితే అది 10.10.8.255కి కేకేస్తుంది. మిగతావాటి లెక్కలో అదెవరిదో మామూలు అడ్రస్, అందుకే పట్టించుకోవు.

మాస్క్ సరిగ్గా ఉంటే బీబీఎండీ (బ్రాడ్‌కాస్ట్‌ను ఒక సబ్‌నెట్ నుంచి ఇంకోదానికి అందించే పరికరం) వంతు. బ్రాడ్‌కాస్ట్ సబ్‌నెట్ దాటదు. అందుకే సబ్‌నెట్‌కి ఒక్క బీబీఎండీ, ఒక్కోదాని పట్టికలో మిగతావాటన్నిటి ఐపీలు ఉండాలి. "ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది కదా" అని ఒకే సబ్‌నెట్‌లో రెండు పెడితే ప్రతి కేకా రెండేసి సార్లు తిరుగుతుంది. బిల్డింగ్ ఐటీ వాళ్ల ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు మూసి ఉందేమో కూడా అడగండి.

ఆరో అంతస్తు రూటర్ బ్యాకప్‌ను ఏడో అంతస్తు రూటర్‌లో ఎక్కించి ఐపీ ఒక్కటే మార్చడం ఇంకో పాత అలవాటు. నెట్‌వర్క్ నంబర్ రెండిట్లోనూ ఒకటే అవుతుంది, ఆరుకి పంపిన కమాండ్ ఏడుకి పోతుంది. ప్రతి లైన్‌కీ వేరే నంబరుండాలి.

లక్షణం: ఉన్నట్టుండి నెట్‌వర్క్ మొత్తం గడ్డకట్టింది, స్విచ్‌ల లైట్లన్నీ ఒకేలా కొట్టుకుంటున్నాయి

ఐపీ కంట్రోలర్లకి రెండేసి పోర్టులుంటాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి గొలుసు కడతారు. ఎవరో చివరి కంట్రోలర్ నుంచి కూడా కేబుల్ తెచ్చి స్విచ్‌లో గుచ్చారు. రింగ్ అయింది, బ్రాడ్‌కాస్ట్ ఆగకుండా తిరుగుతోంది. ఒక కొస పీకేయగానే ఊపిరొస్తుంది. రింగే కావాలంటే స్విచ్‌లోనూ, కంట్రోలర్లలోనూ ఆర్‌ఎస్‌టీపీ (రింగ్‌లో ఒక దారిని మూసి ఉంచే ఏర్పాటు) ఉండాలి. (గేటెడ్ కమ్యూనిటీ మీటింగులో "ఎస్‌టీపీ ఆన్ చేశారా?" అని అడగకండి, మురుగునీటి ప్లాంట్ ఆపరేటర్‌ని పిలుస్తారు.)

లక్షణం: కరెంటు పోయి డీజీ వచ్చాక కొన్ని అంతస్తులు తిరిగి రావు

ఆ కంట్రోలర్ ఐపీ చూడండి. 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ సర్వర్ (ఐపీలు పంచేది) కంటే ముందు ఇది లేచింది. బీఎంఎస్ పరికరాలకి స్థిరమైన ఐపీలే ఇవ్వండి, అంతస్తు స్విచ్, రూటర్, సర్వర్ మూడిటినీ యూపీఎస్ మీద పెట్టండి. సర్వర్ ఒక్కదాన్నే యూపీఎస్ మీద ఉంచి షాఫ్ట్‌లోని స్విచ్‌ని మర్చిపోవడం మామూలే.

లక్షణం: ఏప్రిల్, మే ఉరుముల వాన తర్వాత రెండు టవర్లలోనూ పోర్టులు కాలిపోయాయి

ఆర్‌ఎస్-485 గానీ, రాగి ఈథర్నెట్ గానీ ఒక బిల్డింగు నుంచి ఇంకోదానికి లాగారు. పిడుగు పడ్డప్పుడు రెండు భవనాల ఎర్త్‌ల మధ్య వోల్టేజి తేడా ఆ వైరు గుండానే పరుగెత్తుతుంది. టవర్ల మధ్య ఫైబర్ తప్ప ఇంకేదీ వేయకండి. బిల్డింగు లోపల కూడా రాగి ఈథర్నెట్‌కి 100 మీటర్లే హద్దు, కాబట్టి పొడవాటి షాఫ్ట్‌లో కింది నుంచి పైకి ఫైబరే నయం.

లక్షణం: ఆఖరి టవర్‌లో కంట్రోలర్ నంబరే తీసుకోదు

డివైస్ ఇన్‌స్టెన్స్ (బ్యాక్‌నెట్‌లో ఒక్కో పరికరానికి ఉండే ప్రత్యేక నంబర్) గరిష్ఠంగా 4194302. టవర్ ఒక అంకె, అంతస్తు రెండు, లైన్ ఒకటి, డివైస్ మూడు అంకెలని పెట్టుకుంటే రెండో టవర్ ఏడో అంతస్తు మొదటి లైన్‌లో పదిహేనోది 2071015. చూడ్డానికి బాగుంది. నాలుగో టవర్ ఇరవయ్యో అంతస్తుకి వచ్చేసరికి 4201015, హద్దు దాటింది. డివైస్‌కి రెండంకెలే ఇవ్వండి: 207115, 420115. తొమ్మిదో టవర్ దాకా సరిపోతుంది. మొదటి నాలుగంకెలు, 2071, అదే లైన్‌కి నెట్‌వర్క్ నంబర్‌గానూ వాడుకోవచ్చు. డ్రాయింగ్ దశలోనే తేల్చండి, కమిషనింగ్ అయ్యాక మారిస్తే గ్రాఫిక్స్, ట్రెండ్లు, అలారాలు అన్నీ మళ్లీ కట్టాలి.