ఏది ఎందులో కరుగుతుందో మూడు సీసాలతో తేల్చుకోండి

ఉప్పు నీళ్లలో ఇట్టే కరుగుతుంది, అసిటోన్‌లో (గోళ్ల రంగు తుడిచే ద్రవాల్లో వాడేది) వేస్తే అడుగున అలాగే పడి ఉంటుంది. నూనె దీనికి పూర్తిగా వ్యతిరేకం. తేడా అంతా అణువుల మధ్య ఆకర్షణలో ఉంది. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ వైపు ధనావేశం ఉంటాయి. అందుకే అవి ఉప్పులోని సోడియం, క్లోరైడ్ అయాన్లను (ఆవేశం ఉన్న కణాలను) చుట్టుముట్టి స్ఫటికం నుంచి ఊడదీస్తాయి. నూనెలో అలా పట్టుకోవడానికి ఆవేశాలు దాదాపు ఉండవు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నూనెను బయటికి నెట్టేస్తాయి.

మూతలున్న మూడు గాజు సీసాల్లో 10 మి.లీ. చొప్పున నీళ్లు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, స్వచ్ఛమైన అసిటోన్ పోయండి. ఒక్కోదానిలో అర గ్రాము ఉప్పు వేసి, 30 సెకన్లు కుదిపి, 5 నిమిషాలు ఆగి చూడండి. తర్వాత వేరే సీసాల్లో అర మి.లీ. వంటనూనెతో ఇదే చేయండి. అసిటోన్‌కు, ఆల్కహాల్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా చేయాలి. థర్మోకోల్ కప్పు వాడితే అసిటోన్‌కు కప్పే కరిగిపోతుంది.

ఫలితం తారుమారయ్యేది ఎక్కువగా కొలతల దగ్గరే. గది వేడిమిలో 10 మి.లీ. నీళ్లు దాదాపు 3.6 గ్రాముల ఉప్పునే కరిగించుకోగలవు. అంతకు మించి వేసి "కరగలేదు" అనుకుంటే పొరపాటు. మెత్తగా నూరితే త్వరగా కరుగుతుందే తప్ప ఈ హద్దు పెరగదు. వేడి చేసినా ఉప్పుకు పెద్ద లాభం లేదు: 100 మి.లీ. నీటిలో 20 డిగ్రీల దగ్గర 36 గ్రాములు, 100 డిగ్రీల దగ్గర 39. అదే చక్కెర 200 గ్రాముల నుంచి 480 దాటుతుంది. నీళ్లు కాస్త మసకబారితే కంగారు పడకండి, అది ఉప్పు గడ్డకట్టకుండా కలిపే పొడి.

70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 20 మి.లీ., నీళ్లు 20 మి.లీ., ఉప్పు 10 గ్రాములు కలిపి బాగా కుదిపితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నీళ్లు ఉప్పుకు అంటిపెట్టుకుని ఆల్కహాల్‌ను వదిలేస్తాయి, అది పైన వేరే పొరగా తేలుతుంది. చెరగని మార్కర్ సిరా ఒక చుక్క వేస్తే రంగు పై పొరలోకే చేరుతుంది.

సుద్ద (కాల్షియం కార్బొనేట్) కూడా అయాన్ల పదార్థమే. కానీ దాని అయాన్ల పట్టు నీటి లాగుడు కన్నా బలమైనది, అందుకే నీటిలో దాదాపు కరగదు. వెనిగర్‌లో బుడగలు కక్కుతూ మాయమవడం కరగడం కాదు, రసాయన చర్య. ఆరబెట్టి చూడండి: ఉప్పునీళ్లు ఆరితే ఉప్పే తిరిగొస్తుంది, వెనిగర్ ఆరితే మిగిలేది కాల్షియం అసిటేట్.