మానేసే ముందు నెలలు – 3వ పాఠం: చిట్టా కట్టి ఇంటికి వెళ్లడం

మొదటి పాఠంలో ఉద్యోగం మానేసే తేదీ పెట్టుకున్నాం. రెండో పాఠంలో ఆ తేదీ తర్వాత ఆరు నెలలు ఇల్లు గడవడానికి ఎంత కావాలో లెక్క వేసుకున్నాం. ఆ రెండూ చెయ్యనివాళ్లు ముందు అవి పూర్తి చేసి రండి. తేదీ లేకుండా ఈ పాఠం పట్టుకుంటే "ఉగాది వెళ్లనీ, దసరా వెళ్లనీ" అనుకుంటూ మరో రెండేళ్లు అదే కుర్చీలో కూర్చుండిపోతారు. అందుకోసం కాదు నేను ఇది రాస్తున్నది.

ఇవాళ నేర్చుకునేది ఒక్కటే. ఆఫీసులో జరిగినదాన్ని ఆఫీసులోనే ముగించి ఇంటికి రావడం.

నేను గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే ఒక కంపెనీలో లెక్కలు రాసేదాన్ని. మానెయ్యాలని సంక్రాంతికి నిశ్చయించుకున్నాను. మానేది మాత్రం మే నెలాఖరుకి, వేసవి సెలవులకి మిర్చి యార్డు మూశాక. ఈ మధ్యలో ఉన్నదంతా సీజను. సీజనంటే ఏమిటో గుంటూరువాళ్లకి చెప్పక్కర్లేదు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేసుకుని బారులు తీరిన లారీలు, కిటికీలు మూసినా గదిలోకి వచ్చే ఘాటు, రాత్రి తొమ్మిదైనా తెగని తక్‌పట్టీలు, అంటే రైతులకి ఇచ్చే అమ్మకం లెక్క చీటీలు. ఆ పని నాకు బరువు కాదు. యజమాని నోటిని భరించలేకపోయాను. రైతులు ఎదురుగా కూర్చుని ఉన్నా "బుర్ర ఉందా నీకు?" అని అరిచేవారు. ఆ మాట నాతోపాటు ఆటో ఎక్కి బ్రాడీపేటలో మా ఇంటి దాకా వచ్చేది, అన్నం దగ్గర కూర్చునేది. ఒకరోజు మా అబ్బాయి పాలు ఒలకబోశాడు. "బుర్ర ఉందా నీకు?" అన్నాను. అదే మాట, అదే గొంతు. వాడు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడు నా మొహం చూసి మా ఆఫీసులో పాత గుమాస్తా ఒకాయన, నేను బాబాయ్ అని పిలిచేదాన్ని, విషయం అడిగారు. చెప్పాను. "అమ్మాయ్, చిట్టా కట్టకుండా కొట్టు మూస్తామా? నువ్వు రోజూ కట్టకుండానే వెళ్తున్నావు" అన్నారు.

ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు కాబట్టి చెప్తున్నాను. చిట్టా అంటే ఏ రోజు జమా ఖర్చులు ఆ రోజు రాసే పుస్తకం. సాయంత్రం లెక్క కట్టి, నిల్వ తేల్చి, గీత గీస్తారు. తర్వాత అందులోంచి ఆవర్జాలోకి, అంటే ఖాతాలవారీ పుస్తకంలోకి, ఎక్కిస్తారు. గీత పడ్డాక ఆ రోజు కింద ఇంకేమీ రాయరు.

మీరూ అలాగే ఒక చిట్టా పెట్టుకోండి. మీ సొంత డబ్బుతో కొన్న చిన్న నోటుబుక్కు చాలు. ఆఫీసు కంప్యూటర్లో వద్దు. బయల్దేరడానికి పది నిమిషాల ముందు మూడు పద్దులు రాయండి. అయిన పని ఒకటి. నిల్వ, అంటే రేపటికి మిగిలింది, ఎక్కడ ఆపారో గుర్తుతో సహా. మూడోది ఆ రోజు మనసుకి తగిలింది. నా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది:

ఫిబ్రవరి 18. అయింది: తక్‌పట్టీలు 43, చెక్కులు. నిల్వ: ఆరు లాట్ల (సరుకు రాసుల) లెక్క, కాటా చీటీలు పై సొరుగులో. తగిలింది: సాయంత్రం 4:20. కాటా చీటీలో 1,284 కిలోలు, నేను పట్టీలో వేసింది 1,248. దిద్దాను. "ఇంటికి పోయి కూర్చో" అన్నారు. ఇద్దరు రైతులు ఉన్నారు.

మూడో పద్దు రాయడంలోనే ఉంది కిటుకంతా. మొదటి వారం నేను పేజీలకి పేజీలు తిట్లు రాశాను. చదువుకున్నప్పుడల్లా మళ్లీ మంట లేచేది. టైము, అన్న మాట, ఎదురుగా ఎవరున్నారు, ఇంతవరకే రాయడం మొదలుపెట్టాక రెండు సంగతులు విడివిడిగా కనిపించాయి. అంకెలు తారుమారు చేసింది నేను, దిద్దిందీ నేనే. అది నా ఖాతా. అరుపు ఆయన ఖాతా. ఆయన ఖాతాలోది నేను మోసుకుని ఇంటికి రావడం ఎందుకు? గీత గీసి పుస్తకం సంచిలో వేసేదాన్ని. పది పన్నెండు రోజులకి గానీ ఫలితం తెలియలేదు. మీకు ఇంకా ఎక్కువ రోజులు పట్టినా మానకండి. ఒక జాగ్రత్త: ఖాతాదారుల పేర్లు, ధరలు, కంపెనీ రహస్యాలు ఈ పుస్తకంలో రాయకూడదు. అవి మీవి కావు.

కొత్త పని మీద పడేస్తే ఏం చెయ్యాలి? కుదరదని తెగేసి చెప్పకండి, తలూపి మింగనూ వద్దు. పుస్తకం తెరిచి నిల్వ చూపించండి. "సార్, ఇవాళ ఈ ఆరు లాట్లు ఉన్నాయి. ఇది ముందు చెయ్యమంటే అవి రేపటికి వెళ్తాయి. ఏది ముందు చెయ్యమంటారు?" అని మామూలు గొంతుతో అడగండి. సగం సార్లు కొత్త పని రేపటికి వెళ్లింది. మిగతా సగం చెయ్యాల్సొచ్చింది, కానీ పాతది ఎందుకు ఆగిందని నన్ను అడగలేదు.

నెలకోసారి, జీతం పడిన రోజు, చిట్టా చివరి పేజీలో కాగితాల లెక్క చూసుకోండి. ముందు గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు చేసిన సర్వీసుకి యజమాని ఇచ్చే డబ్బు. శాశ్వత ఉద్యోగికి ఐదేళ్లు నిండాలి. బేసిక్ (మూల జీతం), డీఏ (కరువు భత్యం) కలిపి నెలకి 26,000 ఉంటే ఏడాది సర్వీసుకి 15,000 చొప్పున వస్తుంది. ఇరవై ఆరుతో భాగించి పదిహేనుతో హెచ్చవేస్తారు. నాలుగేళ్ల పది నెలలకి విసిగిపోయి రాజీనామా ఇచ్చేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇంకో రెండు నెలలు ఈ చిట్టాతో ఈదండి. పీఎఫ్ సంగతి: యూఏఎన్‌కి, అంటే మీ పీఎఫ్ నంబరుకి, మీ సొంత ఫోన్ నంబరు ఉందా, పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయా ఇప్పుడే చూసుకోండి. కొన్ని సవరణలకి యజమాని ఆమోదం కావాలి. మానేశాక ఆ గుమ్మం మళ్లీ ఎక్కాలనిపించదు. మానేసిన తేదీ వాళ్లు ఎక్కించకపోతే, చివరి నెల చందా పడ్డ రెండు నెలల తర్వాత మీరే ఆధార్ ఓటీపీతో ఎక్కించుకోవచ్చు. జీతం స్లిప్పులు, ఫారం 16 (జీతంలో కోసిన పన్ను పత్రం), నియామక పత్రం నకళ్లు ఇంట్లో ఉండాలి.

ఈ పాఠం అందరికీ కాదు. చెయ్యి చేసుకునే చోట, అసభ్యంగా ప్రవర్తించే చోట, ఆరోగ్యం చెడిపోతున్న చోట చిట్టా రాస్తూ కూర్చోవద్దు. గ్రాట్యుటీ పోయినా సరే, మానేసే తేదీని ఇంకా దగ్గరికి తెచ్చుకోండి, ఇంట్లోవాళ్లకి ఇవాళే చెప్పండి.

మిగతావాళ్లకి ఈ వారం అభ్యాసం: ఆరు రోజులు, ఆరు గీతలు. ఆదివారం పొద్దున మూడో పద్దులు మాత్రం వరసగా చదివి, ఒక్కోదాని పక్కన "నాది" అనో "వాళ్లది" అనో రాయండి. "నాది" అని రాసిన వాటిలో దిద్దుకోగలిగింది ఒకటి ఎంచి సోమవారం నిల్వలో వెయ్యండి. వచ్చే పాఠం రాజీనామా లేఖ గురించి. అది రాయడానికి మీ నియామక పత్రంలో నోటీసు గడువు ఎన్ని రోజులుందో కావాలి, వెతికి పెట్టుకోండి.